వచ్చేటప్పటి వంతెన

రెండు వేల ఏడు ఎండాకాలంలో మా ఇంట్లో ఇద్దరం నడిచి సంపాదించేవాళ్లం. మా నాయిన భద్రయ్య రైలు పట్టాల మీద నడిచేవాడు. నేను ఆరువందల ఏళ్ల కిందటి ఒక రాతినగరంలో నడిచేదాన్ని.

నాయినది కీమ్యాన్ ఉద్యోగం. సీతాఫల్‌మండి నుంచి విద్యానగర్ దాకా ఆయన బీటు. భుజాన సుత్తి, సంచిలో పానా, చంకలో చుట్టిన ఎర్రజెండా, పచ్చజెండా. పట్టాను పట్టి ఉంచే ఇనుప క్లిప్పుల్లో ఏది వదులైనా కొట్టి బిగించడం ఆయన పని. నా ఉద్యోగం పద్మారావు నగర్‌లో, ఒక చీరల దుకాణం పైన రెండో అంతస్తులో. విదేశాల్లో తయారవుతున్న వీడియోగేములను జనం కొనకముందే ఆడి తప్పులు పట్టే కంపెనీ అది. ఏప్రిల్ నుంచి మూడు నెలల కాంట్రాక్టు. జూన్ ఆఖరుకు మా పన్నెండు మందిలో నలుగురిని పర్మనెంటు చేస్తామన్నారు. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది నేనే మొదలు. ఆ నలుగురిలో నేను లేకపోతే నాయిన నన్నేమీ అనడు. అనకపోవడమే నాకు భయం.

ఆట పేరు ఇక్కడ రాయను, చెప్పనని సంతకం పెట్టాను. కథ మాత్రం తర్వాత అందరూ ఆడి తెలుసుకున్నదే. ఒక నగరం, మధ్యలో నది, నది మీద రాతివంతెన. ఒక పండగనాడు వంతెన కూలి రాజుగారి కొడుకు చచ్చిపోతాడు. తప్పు నీదేనని వంతెన కావలివాణ్ణి ఉరితీస్తారు. ఆ కావలివాడి కొడుకే హీరో. పదేళ్ల తర్వాత, మళ్లీ కట్టిన వంతెన దాటి, తన తండ్రి డ్యూటీ సరిగ్గానే చేశాడని నిరూపించడానికి నగరంలోకి వస్తాడు. ఇళ్ల కప్పుల మీదుగా పరుగెత్తవచ్చు. గుర్రం ఎక్కవచ్చు. సిపాయిలు తరిమితే కత్తి దూయవచ్చు, లేదంటే రంగులద్దేవాళ్ల తొట్టెల్లో దాక్కోవచ్చు. ఎక్కడికి పోవాలనిపిస్తే అక్కడికి పోవచ్చు. ఆడేవాడికి అది సంబరం. మాకు అదే బరువు. వాడు ఎక్కడికైనా పోవచ్చు గనక, అన్ని చోట్లకూ మేం ముందే పోయి ఉండాలి.

నా వాటాకు వచ్చింది తూర్పు ద్వారం, వంతెన, దాని అవతలి సంత. ప్రతి గోడ దగ్గరికీ పోయి హీరోను గుద్దించాలి. ఆగితే సరే. గోడలోకి దూరిపోతే రాయాలి. ఆట కొత్త కాపీ వచ్చినప్పుడల్లా అన్నీ మళ్లీ మొదటినుంచి.

"అంటే గోడలకు గుద్దుకుంటే పగారిస్తరా?" అన్నాడు నాయిన మొదటి వారం అన్నం తింటూ.

"గుద్దుకుంటే ఇయ్యరు నాయినా. లోపలికి పోయిందనుకో, గది పట్టుకుంటే ఇస్తరు. గోడన్నంక ఆపాలె గద."

"నేను ఇరవై రెండేండ్లసంది ఈ ఇంట్ల గుద్దుకుంటనే ఉన్న, నాకెవ్వలియ్యలె," అంది మా అమ్మ విజయమ్మ, చారు వడ్డిస్తూ.

నాయిన నవ్వలేదు. ముద్ద చేతిలోనే పెట్టుకుని ఆలోచించాడు. "ఎన్ని గోడలున్నయే?"

"లెక్క లేదు నాయినా."

"లెక్క లేకపోతె గది బీటెట్లయితది? యాడ షురూ, యాడ ఖతం, తెల్వాలె."

మరునాడు కూర్చుని లెక్కపెట్టాను. నాలుగు వందల పన్నెండు గోడలు. రాత్రి ఆ సంఖ్య చెబితే తల ఊపాడు. నా ఉద్యోగం గురించి ఆయనకు నచ్చిన మొదటి సంగతి అదే.

కథ ఇంట్లో చెప్పకూడదు. పేరు చెప్పలేదు గానీ, కావలివాడి సంగతి నోరు జారాను. ఆ ఒక్క తప్పు ఒప్పుకుంటున్నాను. అప్పటినుంచి రోజూ ఇంటికి రాగానే ఒకటే ప్రశ్న. "ఆ కావలాయన ఏమైండు? ఆయన చూసిండా, చూడలేదా?"

"ఆట సగమే వచ్చింది నాయినా. ఇంక తెల్వదు."

"పట్టా ఇరిగితె సుత ముందు కీమ్యాన్‌నే పిలుస్తరు," అనేవాడు, ఎవరి మీదా కోపం లేకుండా.

ఇంటి పక్కన బ్రహ్మచారి అనే బాబాయి ఉండేవాడు. వడ్రంగి పని మానేసి స్కూటరు మీద తిరగడమే పనిగా పెట్టుకున్న మనిషి. సందు మొగదల చాయ్ దుకాణం దగ్గర నలుగురి ముందు అడిగేవాడు. "భద్రన్నా, బిడ్డ ఏం నౌకరీ?"

"కంప్యూటర్," అనేవాడు నాయిన.

"కంప్యూటర్ల ఏం జేస్తది?"

నాయిన చాయ్ ఊదుకుంటూ ఉండిపోయేవాడు. గోడలకు గుద్దుకుంటుందని చెప్పలేక.

ఏప్రిల్ రెండో వారంలో ఒక మధ్యాహ్నం, వంతెన నడిమి కమాను మీద హీరో కాళ్ల కింద రాయి మాయమైంది. నదిలో పడినా బాగుండేది. నది కిందికి, నగరం కిందికి, ఏమీ లేని బూడిదరంగులోకి పడుతూ పోయాడు. తెర బిగుసుకుపోయింది. రెండు రోజుల తర్వాత మళ్లీ అదే చోట, అదే విధంగా.

మా పద్ధతి ప్రకారం రిపోర్టు రాశాను. ఎక్కడ జరిగింది, ఏమేం చేస్తే జరిగింది, పదిసార్లు చేస్తే ఎన్నిసార్లు జరిగింది. ఆఖరి గడిలో ఏం రాయాలో తెలియక, రెండుసార్లు చూశానని నిజమే రాశాను.

ఆ వారమే నా పక్క కుర్చీలోని మేబెల్ నా తెర వైపు వంగి చూసింది. ఆమె పుట్టి పెరిగింది సికింద్రాబాద్‌లోనే. మాటకు ముందు నవ్వు వచ్చే మనిషి. ఇది ఆమెకు రెండో గేము.

"వసుధా, నువ్వు సంత నుంచి మళ్లీ గేటు దాకా నడిచి వస్తున్నావా? రోజూనా?"

"పోయినంక రావాలె గదా."

"అయ్యో యార్! ఇదేమన్నా చార్మినార్ పోయి వచ్చే రెండో నంబర్ బస్సా? లోడ్ కొట్టు. చూడు, టక్కున గేటు దగ్గర ప్రత్యక్షం. మా గ్రానీ నీకంటే ఫాస్ట్ తల్లీ!"

వరస మొత్తం నవ్వింది. ఆటను భద్రపరిచిన చోటికి ఒక్క మీటతో తిరిగి రావచ్చని కంప్యూటర్ సైన్సు చదివి కూడా నాకు తోచలేదు. పోయిన మనిషి నడిచే వస్తాడని అనుకున్నాను. ఆ రోజు నుంచి నేనూ లోడ్ కొట్టడం నేర్చుకున్నాను. రోజుకు నలభై గోడలు చూసేదాన్ని డెబ్భై చూశాను. అందరితో సమానమయ్యానని సంతోషపడ్డాను.

వంతెన రిపోర్టు ఆట తయారుచేసేవాళ్ల దగ్గర్నుంచి వెనక్కి వచ్చింది. మా దగ్గర జరగడం లేదు, అని ఒక్క వాక్యం. మళ్లీ పంపాను, మళ్లీ వచ్చింది. నేనే వందసార్లు వంతెన మీద నడిపించాను. గంతులు వేయించాను, గుర్రం మీద తోలాను, సిపాయిలను వెంట తగిలించుకున్నాను. రాయి కదల్లేదు. మూడోసారి తిరిగి వచ్చినప్పుడు వాక్యం కొంచెం పెరిగింది. ఈ టెస్టరు ఉన్నది చూస్తున్నారా, ఊహించుకుంటున్నారా, అని.

అది మే నెల మూడో వారం, శనివారం. మా టీమ్ లీడ్ సూరి కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. శ్రీకాకుళం వైపు మనిషి. నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఇంగ్లీషు ఫోన్ కాల్లో ఎంత బిగుసుకుని మాట్లాడతాడో, మాతో అంత వదులుగా మాట్లాడతాడు.

"ఏటి వసుధా, ఆ వంతెన మళ్లీ ఎనక్కొచ్చింది."

"నేను చూశాను సూరిగారూ. రెండుసార్లు."

"నువ్వు అబద్ధం ఆడతావని నానంటన్నానేటి? నాను నమ్మితే సరిపోదు కదమ్మా, ఆళ్లు నమ్మాల." గొంతు తగ్గించాడు. "సోమవారం పదకొండుకి ఆళ్లతో కాల్ ఉంది. అప్పటికీ అది నీ పేరు మీద అలాగే ఉంటే, నలుగురి లిస్టులో నీ పేరు పెట్టడానికి నాకు నోరుండదు. నువ్వే ఆ రిపోర్టు ఎనక్కి తీసుకుని ఒగ్గీ. పొరపాటు పడ్డానని ఒక్క లైను రాసీ. అక్కడితో సరి."

ఒక్క లైనే. సగం టైపు చేశాను. చెరిపాను. ఆదివారం ఆలోచించి సోమవారం పొద్దున చెబుతానన్నాను.

మే ఎండకు పట్టా సాగి వంకర తిరుగుతుందని మిట్టమధ్యాహ్నం కూడా ఎవరో ఒకరు నడిచి చూడాలి. ఆ ఆదివారం నాయిన వంతు. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, సీసాలో మజ్జిగ ఇచ్చి అమ్మ నన్ను విద్యానగర్ స్టేషనుకు పంపింది. ప్లాట్‌ఫారం చివర రేకు నీడలో కూర్చున్నాను. దూరాన పట్టాల మీద ఎండ నీళ్లలా కదులుతోంది. ఆ కదలికలోంచి నారింజరంగు జాకెట్ ఒకటి మెల్లగా మనిషి అయింది. తల ఎత్తకుండా వస్తున్నాడు. మధ్యమధ్య ఆగి ఒక్క దెబ్బ. ఠంగుమంటే ముందుకు. డబ్బుమంటే ఇంకో రెండు దెబ్బలు.

నాయిన నా పక్కన కూర్చుని రొట్టె తింటూ ఉండగానే బ్రహ్మచారి బాబాయి స్కూటరు స్టేషన్ కమ్మీల అవతల ఆగింది.

"భద్రన్నా! ఇంటి దిక్కే పోతున్న. తిని వచ్చి ఎక్కు. గీ ఎండల చస్తవ్."

"నువ్వు నడువు. నేను నడుచుకుంటనే వస్త."

"పొద్దుగాల ఒకపాలి చూసినవ్, గిప్పుడు వచ్చుకుంట చూసినవ్. మల్ల ఏం చూస్తవే? పట్టాలు యాడికన్న పారిపోతయా?"

"వచ్చేటప్పుడు ఎడమ పట్టా చూసిన. కుడి పట్టా పోయేటప్పుడు చూడాలె. ఉత్తగ స్కూటరెక్కి పోతె సగం బీటు ఎవలు చూస్తరు, నీ స్కూటరా?"

బాబాయి నా వైపు చూసి, "మీ నాయినకు జెర ఎండ దెబ్బ తగిలింది బిడ్డా," అని వెళ్లిపోయాడు.

నాయిన మజ్జిగ సగం తాగాక అడిగాను. "నాయినా, కండ్లార చూసిన. మల్ల చూపెట్టుమంటే కనబడుతలేదు. వాపస్ తీసుకొమ్మంటున్నరు. ఏం జెయ్యాలె?"

ఏం చూశావని అడిగాడు. చెప్పాను. వంతెన అనగానే తినడం ఆపాడు. అంతా విని, పక్కన పెట్టిన జెండా కర్రను చేత్తో ఒకసారి తిప్పాడు.

"ఎర్రజెండా పట్టినమనుకో, బండి ఆగుతది. డ్రైవరు తిడతడు. బండ్లె ఉన్నోళ్లు సుత తిడతరు. తిట్టనియ్యి. ఏమున్నదో చూపెట్టేదాక జెండా దించొద్దు. దించినవంటె, రేపు ఏమైనా తప్పు నీదే."

"చూపెట్ట వస్తలేదు గదా."

"పడ్డ దినం ఎట్ల నడిచినవ్?"

"తూర్పు గేటు కాడ షురూ చేసి సంత దాక పోయిన."

"మల్ల?"

"మల్ల... వాపస్ వచ్చిన."

"గిప్పుడెట్ల నడుస్తున్నవ్?"

నాకు లోడ్ మీట గుర్తొచ్చింది. నాయిన సీసా మూత బిగించి నాకిచ్చి, సుత్తి భుజానికెత్తుకుని, కుడి పట్టా పక్కన నడక మొదలుపెట్టాడు. వీపు మీద జాకెట్ తడిసి నల్లబడింది. ఎండలో కలిసిపోయేదాకా ఆ ఠంగు ఠంగు వింటూ నిలబడ్డాను.

సోమవారం ఏడుకల్లా ఆఫీసులో ఉన్నాను. ఇంకా ఎవరూ రాలేదు. తూర్పు ద్వారం నుంచి వంతెన ఎడమ పిట్టగోడను ఆనుకుని నడిపించాను. సంత దాటి, ఆఖరి దుకాణం దాకా పోయాను. చెయ్యి అలవాటుగా లోడ్ మీటకు పోయింది. వెనక్కి తీసుకున్నాను. హీరోను వెనక్కి తిప్పి, వచ్చిన దారినే, ఈసారి అవతలి పిట్టగోడ పక్కన నడిపించాను. నడిమి కమాను.

పడిపోయాడు.

ఎవరైనా పడిపోతే అంత సంతోషం కలగడం నా జీవితంలో అదొక్కసారే.

నాయిన లాగా లెక్క పెట్టుకున్నాను. ఎడమ పిట్టగోడ పక్కన పోయి మళ్లీ దాని పక్కనే వస్తే ఏమీ కాలేదు. కుడి పిట్టగోడ పక్కన పోయి మళ్లీ దాని పక్కనే వచ్చినా కాలేదు. సంత మొదట్లోనే వెనక్కి తిరిగినా కాలేదు. ఎడమన పోయి, ఆఖరి దుకాణం దాకా వెళ్లి, అవతలి వైపున తిరిగి వస్తే పదికి పదిసార్లు పడ్డాడు. మెట్టు మెట్టుగా తొమ్మిది వాక్యాలు రాసి, ఆఖరి గడిలో పది అని వేశాను. అప్పటికి గడియారంలో పదీ ఇరవై.

సూరి చాయ్ కప్పుతో వచ్చి చదివి, కప్పు కింద పెట్టి, తనే కూర్చుని ఆడాడు. పడ్డాడు. మళ్లీ ఆడాడు. మళ్లీ పడ్డాడు.

"ఓర్నాయనో," అన్నాడు. "పన్నెండు మందిమి రెండు నెలలు ఆడినాం. మన కళ్లకేటయింది?"

అందరూ నా కుర్చీ వెనక మూగారు. మేబెల్ నవ్వలేదు. "కళ్లకేమీ కాలేదు సూరిగారూ. మనమెవరం తిరిగి రాలేదు," అంది. నా భుజం మీద చెయ్యి వేసి, "గ్రానీ గెలిచింది," అంది.

కారణం, ఆ పదకొండింటి కాల్ అయిన రెండు రోజుల తర్వాత వచ్చిన జవాబులో తెలిసింది. మనిషి సంత లోపలికి పోయాక, మెమరీ బరువు తగ్గించుకోవడానికి మిషను వంతెనను పక్కన పెడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ తెచ్చి పెట్టాలి. పోయిన పిట్టగోడ పక్కన కాక రెండో గోడ పక్కన వస్తే ఒక్క కమానును మరిచిపోతోంది. అక్కడ తయారుచేసేవాళ్లు కూడా మాలాగే పని తొందరకు లోడ్ కొట్టేవాళ్లే. కొని ఆడేవాడు అట్లా కొట్టడు. వాడు నడిచే వస్తాడు. కింద ఒక ప్రశ్న కూడా ఉంది. తిరిగి నడవాలని మీకెలా తోచింది?

కీమ్యాన్ అంటే వాళ్లకు ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పాలి? మా ఇంట్లో పద్ధతి అదే, అని రాశాను. సూరికి మాత్రం నాయిన సంగతి చెప్పాను.

జూన్ ఆఖరి శనివారం ఆఫీసుకు ఇంటివాళ్లను తీసుకురమ్మన్నారు. ఆటలో వంతెన భాగాన్ని వాళ్లు అప్పటికే లోకానికి చూపించారు గనక, అంతవరకు మా వాళ్లకూ చూపించవచ్చన్నారు. నలుగురి పేర్లు ముందురోజే చెప్పారు. రెండో పేరు నాది. అమ్మ పెట్టెలోంచి పట్టుచీర తీసింది. నాయిన డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు, నారింజరంగు జాకెట్‌తో, సుత్తితో.

సెక్యూరిటీ అతను ఆపాడు. "పెద్దాయనా, సుత్తి లోపలికి లేదు."

"ఇది సర్కారుది బిడ్డా. ఈడ ఇడిచి పోతె, పోయిందంటె నా మీద రాస్తరు."

"లోపలంతా అద్దాలున్నయ్ సార్."

"నేను అద్దాలు కొట్టెటోన్ని కాదు."

సూరి మెట్లు దిగి వచ్చాడు. నాయినను, సుత్తిని చూశాడు. "ఈయన్ని ఒగ్గీయవయ్యా. ఈయన లేకపోతే మన వంతెన ఉండేది కాదు," అని చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చాడు. నాయినకు ఆ మాట అర్థం కాలేదు. ఎవరితోనో అంటున్నాడనుకుని వెనక్కి తిరిగి చూశాడు.

పెద్ద తెర ముందు కుర్చీ వేస్తే కూర్చోలేదు. సుత్తి నేలకు ఆనించి నిలబడ్డాడు. నేను ఆడాను. తూర్పు ద్వారం తెరుచుకుంది. నది మీద పొద్దుటి వెలుగు. సిపాయి అడ్డం వస్తే కత్తి దూసి తప్పించాను, పిల్లలు కేకలు పెట్టారు. అమ్మ, "పాపం, పిల్లగాడు బక్కగున్నడు," అంది. నాయిన కత్తినీ చూడలేదు, నదినీ చూడలేదు. హీరో పాదాలనే చూస్తున్నాడు. సంత వచ్చింది. ఆఖరి దుకాణం వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"అంతేనండి, ఇంతవరకే చూపించొచ్చు," అన్నాడు సూరి.

"వాపస్ తీసుకరా బిడ్డా," అన్నాడు నాయిన.

చప్పట్లు ఆగాయి. సూరి నా వైపు చూసి సరే అన్నట్టు తల ఊపాడు. హీరోను తిప్పాను. అవతలి పిట్టగోడ పక్కన నడిపించాను. సరిచేశారని నాకు తెలుసు, నేనే పదిసార్లు చూశాను. అయినా నడిమి కమాను దగ్గర నడక నెమ్మది చేశాను. నాయిన తెర దగ్గరికి వంగాడు. పాదం పడింది. రాయి ఆగింది. ఇంకో పాదం. తూర్పు ద్వారం దాకా వచ్చాం.

"గట్టిగున్నది," అన్నాడు.

"ఇంతకూ ఆ కావలాయన తప్పు చేసిండా, లేదా? అది చెప్పరేందే?" అంది అమ్మ.

"డిసెంబర్ల ఆట బజారుకొస్తె తెలుస్తదమ్మా. చెప్పొద్దన్నరు."

"చెప్పకు," అన్నాడు నాయిన. "సంతకం పెట్టినవ్ గదా."

ఇంటికి వచ్చేసరికి సన్నగా తుంపర. సందు మొగదల చాయ్ దుకాణం రేకు కింద నలుగురూ ఉన్నారు. బ్రహ్మచారి బాబాయి అమ్మ పట్టుచీర చూసి లేచి నిలబడ్డాడు.

"ఏందన్నా, అందరు తయారై యాడికెళ్లి వస్తున్నరు?"

"బిడ్డ ఆఫీసుకు పోయినం. పక్కా నౌకరీ అయింది."

"మంచి ముచ్చట! ఇంతకు ఏం జేస్తదన్నా, కంప్యూటర్ల?"

నాయిన సుత్తిని భుజం మీంచి దించి గోడకు ఆనించాడు. తొందరేమీ లేనట్టు చాయ్ గ్లాసు అందుకున్నాడు.

"ఒక వంతెన దాని బీటు," అన్నాడు. "పోతది, చూస్తది. మల్ల వాపస్ వస్తది, చూస్తది."